పడవ ఇంజను శీతలీకరణ వ్యవస్థ

పడవ ఇంజను శీతలీకరణ వ్యవస్థ అనగా మర పడవను నడిపే ఇంజనులో పుట్టే అధిక ఉష్ణాన్ని నీటి ద్వారా వెలుపలికి పంపి, ఇంజను భాగాలను తగిన ఉష్ణోగ్రత వద్ద నిలిపి ఉంచే ఏర్పాటు. మోటారు వాహనాలలో ఈ పనిని గాలి సాయంతో రేడియేటరు చేస్తుంది. పడవ చుట్టూ నీరే ఉంటుంది కనుక ఆ నీటినే వాడుకోవడం సహజం. అయితే ఆ నీటిలోని ఒండ్రు, ఉప్పు, నాచు, చెత్త ఇంజనులోకి చేరే ప్రమాదం కూడా ఉంది. ఎక్కువ శక్తినిచ్చే ఇంజనును పడవలో అమర్చినపుడు, లేదా ఉన్న ఇంజను శక్తిని పెంచినపుడు, శీతలీకరణ వ్యవస్థను కూడా దానికి తగినట్లు మార్చవలసి ఉంటుంది. ఈ వ్యాసంలో ఆ మార్పుల వెనుక ఉన్న సూత్రాలు, నిజామాబాదు, బోధన్ ప్రాంతపు జలాశయాలలోను, చెరకు పొలాలలోను ఇవే సూత్రాలు కనిపించే తీరు వివరించబడినవి.

ఉష్ణం ఎక్కడ పుడుతుంది

డీజిల్ ఇంజనులో ఇంధనం మండగా వచ్చే శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే ఇరుసును తిప్పడానికి ఉపయోగపడుతుంది. మరొక మూడవ వంతు పొగగొట్టం ద్వారా పోతుంది. మిగిలినది సిలిండరు గోడలకు, సిలిండరు తలకు, కందెన నూనెకు చేరుతుంది. పెట్రోలు ఇంజనులో ఉపయోగపడే భాగం ఇంకా తక్కువ. మండే వాయువుల ఉష్ణోగ్రత క్షణకాలం పాటు 2000 డిగ్రీల సెంటీగ్రేడును మించుతుంది. పిస్టనుకు వాడే అల్యూమినియం మిశ్రమలోహం 660 డిగ్రీలకు లోపే కరిగిపోతుంది. సిలిండరు గోడల మీద ఉండే నూనె పొర అంతకంటె చాలా తక్కువ వేడికే చెడిపోతుంది. కాబట్టి ఈ వేడిని ఎప్పటికప్పుడు తీసివేయకపోతే నూనె పొర తెగి, పిస్టను సిలిండరులో పట్టుకుపోతుంది. దీనినే మెకానిక్కులు 'ఇంజను సీజు అయింది' అంటారు.

నీరు ఈ పనికి అనువైనది కావడానికి కారణం దాని విశిష్టోష్ణం. ఒక కిలోగ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 4.19 కిలోజౌళ్ళ ఉష్ణం కావాలి. అదే గాలికి సుమారు ఒక కిలోజౌలు చాలు. పైగా ఒక లీటరు గాలి బరువు గ్రాముకు కొంచెం మించుతుంది, లీటరు నీటి బరువు కిలోగ్రాము. అందువలన లీటరుకు లీటరు పోల్చి చూస్తే నీరు గాలి కంటె మూడువేల రెట్లకు పైగా వేడిని మోయగలదు.

చరిత్ర

జర్మనీకి చెందిన గాట్లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మేబాక్ 1886లో నెకార్ నది మీద పెట్రోలు ఇంజనుతో నడిచే పడవను నడిపి చూపారు. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909 నుండి పడవ వెనుక తగిలించే ఔట్‌బోర్డు మోటార్లను అమ్మకానికి తయారు చేశాడు. ఔట్‌బోర్డు మోటారులో ఇంజను పైన ఉండి, నీటిలో మునిగి ఉండే కాలు భాగం నుండి పంపు నీటిని పైకి తోడుతుంది. నేటి ఔట్‌బోర్డు మోటార్లలో కూడా మూలసూత్రం అదే.

భారతదేశంలో ఆయిల్ ఇంజను జనసామాన్యానికి పరిచయమైనది పడవ ద్వారా కాదు, బావి ద్వారా. ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణపు లిస్టర్ సంస్థ 1929 ప్రాంతంలో రూపొందించిన, నిమిషానికి 650 చుట్లు తిరిగే నెమ్మది డీజిల్ ఇంజను నమూనా గుజరాతులోని రాజకోటలో దశాబ్దాల పాటు తయారైంది. పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ 1946లో ఏర్పడింది. పొలంలో బావి నీటితోను, నదిలో నది నీటితోను చల్లబడే ఇంజన్లు ఒకే కుటుంబానికి చెందినవి.

శీతలీకరణలో రకాలు

పడవ ఇంజన్లను చల్లబరిచే పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిది బయటి నీటిని నేరుగా ఇంజను నీటి గదులలోకి పంపి, తిరిగి బయటకు వదిలివేసే పద్ధతి. దీనిని 'రా వాటర్' పద్ధతి అంటారు. పరికరాలు తక్కువ, బరువు తక్కువ. ఔట్‌బోర్డు మోటార్లన్నింటిలోను దాదాపు ఇదే ఉంటుంది. దీనికి ఒక పరిమితి ఉంది. నీరు సుమారు 60 డిగ్రీలకు మించి వేడెక్కితే అందులో కరిగి ఉన్న సున్నపు లవణాలు గోడల మీద గారలా పేరుకొంటాయి. ఈ గార ఉష్ణాన్ని సరిగా ప్రసరింపనీయదు. అందుచేత ఈ ఇంజన్లలోని థర్మోస్టాట్ 50 నుండి 60 డిగ్రీల మధ్య తెరుచుకొనేలా ఉంటుంది. ఇంజను అంతకంటె వేడిగా నడిస్తే ఇంధనం ఆదా అవుతుందని తెలిసినా చేయగలిగినది లేదు.

రెండవది మూత వ్యవస్థ. ఇందులో ఇంజను లోపల శుద్ధమైన నీరు, తుప్పు నిరోధక ద్రవం కలిపిన మిశ్రమం మాత్రమే తిరుగుతుంది. ఆ మిశ్రమం ఉష్ణ వినిమయకం అనే పరికరంలో తన వేడిని బయటి నీటికి ఇచ్చివేస్తుంది. ఉష్ణ వినిమయకం అంటే ఒక గొట్టపు డొల్లలో సన్నని గొట్టాల కట్ట. గొట్టాల లోపల నది నీరు, వెలుపల ఇంజను నీరు ప్రవహిస్తాయి, రెండూ కలవవు. ఈ గొట్టాలను రాగి, నికెలు మిశ్రమలోహంతో చేస్తారు. ఈ పద్ధతిలో ఇంజనును 75 నుండి 85 డిగ్రీల వద్ద నడపవచ్చు.

మూడవది పడవ అడుగున, వెలుపలి వైపు గొట్టాలు అమర్చి, ఇంజను నీటిని వాటిలో తిప్పే పద్ధతి. బయటి నీరు పడవ లోపలికే రాదు కనుక జల్లెడ మూసుకుపోవడం, ఒండ్రు చేరడం వంటి బాధలు ఉండవు. బురద నీటిలోను, లోతు తక్కువ కాలువలలోను నెమ్మదిగా నడిచే పనిపడవలకు ఇది శ్రేష్ఠం. వేగపు పడవలకు మాత్రం పనికిరాదు. వెలుపలి గొట్టాలు నీటి ఒరపిడిని పెంచి వేగాన్ని తగ్గిస్తాయి.

నిజామాబాదు ప్రాంతపు జలాలు

నిజామాబాదు ప్రాంతానికి గోదావరి, మంజీర నదులు ఆధారం. మంజీర నది గోదావరిలో కలిసే చోటు బోధన్‌కు సమీపాన రెంజల్ మండలంలోని కందకుర్తి వద్ద ఉన్నది. మంజీరపై నిజాంసాగర్ ప్రాజెక్టు 1923లో ప్రారంభమై 1931లో పూర్తయింది. 2016 జిల్లాల పునర్విభజన తరువాత ఆనకట్ట కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. నిజామాబాదు పట్టణానికి దగ్గరలోని అలీసాగర్ కూడా నిజాం కాలపు జలాశయమే. గోదావరిపై పోచంపాడు వద్ద నిర్మించిన శ్రీరాంసాగర్‌కు 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. దీని తొలి నీటి నిల్వ సామర్థ్యం 112 టి.ఎం.సి.లు కాగా, పూడిక వలన తరువాతి కాలంలో బాగా తగ్గింది.

పూడిక అనగానే సాగునీటి లెక్క గుర్తుకు వస్తుంది. పడవ నడిపేవారికి కూడా అది ముఖ్యమైన విషయమే. నీటిలో తేలియాడే సన్నని ఒండ్రు, ఇసుక రేణువులు పంపులోని రబ్బరు రెక్కలను, పంపు లోపలి లోహపు పలకను అరగదీస్తాయి. పలక మీద గీతలు పడితే కొత్త రెక్కలు వేసినా పంపు పూర్తి నీటిని తోడదు. చెరువులలో పెరిగే గుర్రపుడెక్క, నాచు నీరు తీసుకొనే రంధ్రాలను మూసివేస్తాయి.

ఇంకొక విషయం వేసవి. ఉష్ణ వినిమయకం తీసివేసే వేడి, ఇంజను నీటికి బయటి నీటికి మధ్య ఉండే ఉష్ణోగ్రతల తేడాపై ఆధారపడుతుంది. ఇంజను నీరు 80 డిగ్రీలు, బయటి నీరు చలికాలంలో 20 డిగ్రీలు అనుకొంటే తేడా 60 డిగ్రీలు. మే నెలలో పై పొర నీరు 32 డిగ్రీలకు చేరితే తేడా 48 డిగ్రీలే. అనగా అదే పరికరం సామర్థ్యం దాదాపు ఐదవ వంతు తగ్గినట్లు. చలిదేశాల కొలతల ప్రకారం తయారైన వినిమయకాన్ని తెచ్చి ఇక్కడ బిగించేవారు, డిసెంబరులో పరీక్షించి అంతా బాగుందనుకొనేవారు ఈ లెక్కను తప్పక వేసుకోవాలి. పరీక్ష చేయవలసిన నెల మే.

చెరకు పొలాల ఆయిల్ ఇంజను

బోధన్ పరిసరాలలో చెరకు సాగు నిజాంసాగర్ కాలువలతో పెరిగింది. కాలువ నీరు అందని చోట బావులు, మంజీర ఒడ్డు ఆధారం. విద్యుత్తు విరివిగా రాకముందు ఈ నీటిని తోడినది 5 అశ్వశక్తి ఆయిల్ ఇంజనే. 2004లో నాటి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు, 2018 జనవరి 1 నుండి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైన తరువాత వీటి వాడకం బాగా తగ్గింది.

ఈ ఇంజన్లను చల్లబరచడానికి రెండు పద్ధతులు ఉండేవి. పంపు తోడిన బావి నీటిలో కొంత భాగాన్ని సన్నని గొట్టం ద్వారా ఇంజను చుట్టూ తిప్పి కాలువలోకి వదలడం ఒకటి. ఇది పడవలోని రా వాటర్ పద్ధతికి అచ్చమైన నకలు. రెండవది ఇంజను పక్కన ఎత్తుగా ఒక నీటి డ్రమ్ము పెట్టి రెండు గొట్టాలతో కలపడం. వేడెక్కిన నీరు తేలికై పై గొట్టం గుండా డ్రమ్ములోకి చేరుతుంది, చల్లని నీరు కింది గొట్టం గుండా ఇంజనులోకి దిగుతుంది. ఇందులో పంపు అక్కరలేదు. బెల్లం గానుగలను తిప్పే ఇంజన్లకు బావి నీటి ధార అందుబాటులో ఉండదు కనుక డ్రమ్ము పద్ధతే అనువైనది.

డ్రమ్ము లెక్కను విద్యార్థులు సులభంగా వేయవచ్చు. 5 అశ్వశక్తి అంటే సుమారు 3.7 కిలోవాట్లు. ఇంచుమించు అంతే ఉష్ణం నీటిలోకి వస్తుందనుకొంటే, 200 లీటర్ల డ్రమ్ములోని నీరు గంటకు 16 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. 30 డిగ్రీల వద్ద మొదలైతే రెండు గంటలలో 60 దాటుతుంది. ఆపైన డ్రమ్ము గోడల నుండి, ఆవిరి రూపంలోను వేడి పోతూ ఉంటుంది. కేవలం ఆవిరి ద్వారానే పోవాలంటే గంటకు ఐదారు లీటర్ల నీరు ఖర్చవుతుంది.

ఇక్కడ ఆశ్చర్యం కలిగించే విషయం ఏమంటే, ధారాళంగా చన్నీరు పారే మొదటి పద్ధతే ఇంజనుకు ఎక్కువ చేటు చేసింది. బావి నీరు ఇంజనును అవసరానికి మించి చల్లబరుస్తుంది. చల్లని గోడల వద్ద ఇంధనం పూర్తిగా మండదు, కొంత కిందికి జారి నూనెను పలచన చేస్తుంది, పొగలోని ఆమ్లాలు గోడలపై చెమ్మగా చేరి లోహాన్ని తింటాయి. డీజిల్ ఖర్చు పెరుగుతుంది. 1978లో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం రైతులకు చేసిన సూచనలలో ఇది ఒకటి. ఇంజను నుండి వెలువడే నీరు సుమారు 60 డిగ్రీల వేడితో, చేయి పెట్టి ఉంచలేనంతగా ఉండాలి. చేతికి చల్లగా తగిలితే ధారను తగ్గించాలి. ఇంజను ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనే అభిప్రాయం పడవ నడిపేవారిలోను బలంగా ఉంది కనుక ఈ సంగతి చెప్పవలసి వచ్చింది.

చక్కెర కర్మాగారంలో చల్లదనం

బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 1937లో స్థాపించబడి, ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదిగా పేరు పొందింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడింది. చక్కెర తయారీలో ఉష్ణాన్ని తీసివేయడం ఎంత పెద్ద పనో చాలామందికి తెలియదు. చెరకు రసపు పాకాన్ని మాడిపోకుండా తక్కువ ఉష్ణోగ్రత వద్ద మరిగించడానికి గాలి తీసివేసిన పాత్రలను వాడతారు. వాటి నుండి వచ్చే ఆవిరిని చన్నీటితో ద్రవీభవింపజేయాలి. ఒక కిలో ఆవిరి ఇచ్చే గుప్తోష్ణం సుమారు 2350 కిలోజౌళ్ళు. నీటిని 11 డిగ్రీలు మాత్రమే వేడెక్కనిస్తే కిలో ఆవిరికి 50 కిలోల నీరు కావాలి. ఆ వేడి నీటిని చెరువు వంటి తొట్టిలో తుంపరలుగా చిమ్మి, గాలికి చల్లార్చి మళ్ళీ వాడతారు. పడవ ఇంజనుకు నది మొత్తం ఆ తుంపరల తొట్టి వంటిదే.

శక్తి పెంచినపుడు చేయవలసిన మార్పులు

ఇంజను శక్తిని పెంచడానికి టర్బో అమర్చుట, ఇంధనం ఎక్కువ ఇచ్చుట, పెద్ద ఇంజను దించుట వంటి మార్గాలు ఉన్నాయి. భారతదేశంలో లారీ ఇంజన్లను మార్చి పడవలలో అమర్చే అలవాటు కూడా ఉన్నది. శక్తి పెరిగితే వేడి కూడా అదే దామాషాలో పెరుగుతుంది. 100 అశ్వశక్తి డీజిల్ ఇంజను నీటికి ఇచ్చే ఉష్ణం 50 కిలోవాట్లు అనుకొందాం. బయటి నీరు 10 డిగ్రీలు వేడెక్కేలా లెక్క వేస్తే నిమిషానికి 72 లీటర్లు కావాలి. ఇంజనును 130 అశ్వశక్తికి పెంచితే 93 లీటర్లు కావాలి. నీరు 30 శాతమే పెరిగినా, అదే గొట్టంలో పీడన నష్టం ప్రవాహపు వర్గానుసారం పెరుగుతుంది గనుక దాదాపు 70 శాతం ఎక్కువవుతుంది. పాత పంపు, పాత గొట్టాలతో ఇది సాధ్యం కాదు.

చాలామంది మొదట పెద్ద పంపు కొంటారు. మొదట చూడవలసినవి గొట్టాలు. పంపు తోసే శక్తి ఎక్కువ, పీల్చే శక్తి తక్కువ. నీరు లోపలికి వచ్చే రంధ్రం, దాని కవాటం, జల్లెడ, పీల్చే గొట్టం ఇరుకుగా ఉంటే ఎంత పెద్ద పంపు వేసినా నీరు రాదు. గొట్టపు వ్యాసం 25 మిల్లీమీటర్ల నుండి 32కి పెంచితే అదే ప్రవాహానికి పీడన నష్టం మూడవ వంతు కంటె తక్కువకు పడిపోతుంది. పీల్చే వైపు వాడే గొట్టం లోపల తీగచుట్టు ఉన్నదై ఉండాలి, లేనిచో వేడికి మెత్తబడి లోపలికి అణిగిపోతుంది. అప్పుడు బయటి నుండి చూసేవారికి ఏ దోషమూ కనిపించదు.

తరువాత వినిమయకం. దాని సామర్థ్యాన్ని వేసవి నీటి ఉష్ణోగ్రతతో లెక్కించి, గార పట్టడానికి కొంత అదనం కలిపి ఎంచుకోవాలి. నీరు ఏ వరుసలో ప్రవహించాలనేది కూడా ముఖ్యం. టర్బో నుండి వచ్చే గాలిని చల్లబరిచే పరికరానికి అన్నిటికంటె చల్లని నీరు కావాలి, కాబట్టి నది నీరు మొదట అక్కడికి వెళ్ళాలి. తరువాత గేరు నూనె, ఇంజను నూనె చల్లబరిచే పరికరాలకు, ఆపైన ప్రధాన వినిమయకానికి, చివరికి పొగగొట్టానికి చేరాలి. శక్తి పెంచిన ఇంజనులో నూనెను ప్రత్యేకంగా చల్లబరచకపోతే, నీటి ఉష్ణోగ్రత సరిగా చూపుతున్నా బేరింగులు దెబ్బతింటాయి. నీటి మీటరు ఒక్కటి చూసి నిశ్చింతగా ఉండరాదు.

మూత వ్యవస్థలో పీడనపు మూత పాత్ర చిన్నది కాదు. శ్రీరాంసాగర్ పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. ఆ ఎత్తులో తెరచి ఉంచిన నీరు దాదాపు 99 డిగ్రీల వద్ద మరుగుతుంది. చదరపు అంగుళానికి 15 పౌనుల పీడనాన్ని నిలిపే మూత బిగిస్తే 120 డిగ్రీల వరకు మరగదు. ఇంజను గదులలో కొన్ని చోట్ల వేడి ఎక్కువగా ఉండి, అక్కడ ఆవిరి బుడగలు ఏర్పడితే ఆ భాగానికి నీరు తగలదు. పీడనం ఈ బుడగలను అణచివేస్తుంది. నీటిలో కలిపే గ్లైకాల్ ద్రవం మంచు దేశాలలో గడ్డకట్టకుండా చేయడానికి సగానికి సగం కలుపుతారు. నిజామాబాదులో ఆ అవసరం లేదు. తుప్పు నివారణకు తయారీదారు చెప్పిన కనీస పాలు కలిపితే చాలు. గ్లైకాల్ విశిష్టోష్ణం నీటికంటె తక్కువ కనుక ఎక్కువ కలిపితే వేడి మోసే శక్తి తగ్గుతుంది. ఉత్త నీరు మాత్రం వాడరాదు.

థర్మోస్టాట్ గురించి రెండు అపోహలు ఉన్నాయి. ఇంజను వేడెక్కుతున్నదని దానిని తీసివేయడం మొదటిది. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకొన్నపుడు పక్కదారిని మూస్తుంది. దానిని తీసివేస్తే నీరు వినిమయకానికి వెళ్ళకుండా పక్కదారినే తిరుగుతుంది, వేడి ఇంకా పెరగవచ్చు. తక్కువ పనిలో ఇంజను మరీ చల్లగా నడిచి, పైన చెప్పిన బావి ఇంజను గతే పడుతుంది. నీరు వేగంగా పారితే వేడిని అందుకొనే వ్యవధి ఉండదు అనేది రెండవ అపోహ. ఇది భౌతికశాస్త్రానికి విరుద్ధం. ప్రవాహం పెరిగితే ఒక్కొక్క లీటరు తక్కువ వేడెక్కుతుంది, కాని మొత్తం మీద తీసివేసే వేడి పెరుగుతుంది. వేగం మరీ మితిమీరితే వినిమయకపు గొట్టాలు కోతకు గురవుతాయి, పరిమితి అక్కడ ఉంది.

పోటీ పడవలు

ఆంధ్రప్రదేశ్‌లో 2018 నవంబరులో విజయవాడ వద్ద కృష్ణానదిలో ఎఫ్1హెచ్2ఓ ప్రపంచ పడవ పందెం జరిగింది. ఈ పందెపు పడవలలో ఎక్కువ భాగానికి 2.5 లీటర్ల మెర్క్యురీ వీ-6 రెండు స్ట్రోకుల ఔట్‌బోర్డు ఇంజనును వాడేవారు. వేగం గంటకు 200 కిలోమీటర్లను మించుతుంది.

అంత వేగంలో సమస్య తలకిందులవుతుంది. ఎదురుగా వచ్చే నీరు రంధ్రంలోకి తోసుకొని వస్తుంది. ఈ తోపుడు పీడనం వేగపు వర్గానుసారం పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వద్ద అది 0.6 బార్, 80 వద్ద 2.5 బార్, 200 వద్ద 15 బార్ వరకు లెక్కకు వస్తుంది. ఇంజను గాస్కెట్లు, గొట్టాలు ఇంత పీడనానికి ఆగవు. కనుక వేగపు పడవలలో నీరు లోపలికి రాకముందే ఒత్తిడి తగ్గించే కవాటం, మిగులు నీటిని బయటకు వదిలే దారి అమర్చాలి. మరోవైపు పడవ మలుపులో పైకి లేచినపుడు రంధ్రం గాలిలో తేలి, నీటికి బదులు గాలి పీల్చే అవకాశం ఉంది. నెమ్మదిగా పోయేటపుడు చాలినంత నీరు, వేగంగా పోయేటపుడు మితమైన నీరు ఇవ్వగలగడమే ఈ వ్యవస్థకు గీటురాయి. ఉష్ణోగ్రత మీటరుతో పాటు నీటి పీడన మీటరు ఉండాలి. నీరు ఆగిపోయినపుడు పీడనపు ముల్లు వెంటనే పడిపోతుంది, ఉష్ణోగ్రత ముల్లు ఆలస్యంగా కదులుతుంది. నీరు పూర్తిగా ఖాళీ అయితే ఉష్ణోగ్రత ముల్లు ఆవిరిలో ఉండి తప్పుగా చూపవచ్చు కూడా.

ప్రమాదాలు

ప్రవాహం మధ్యలో ఇంజను ఆగితే పడవ అదుపు తప్పుతుంది. వరద సమయంలో ఇది ప్రాణాంతకం. 2025 ఆగస్టు చివర కామారెడ్డి, మెదక్ జిల్లాలలో కురిసిన భారీ వర్షాల వంటి సందర్భాలలో రక్షక దళాలు గాలి నింపిన పడవలను ఔట్‌బోర్డు మోటార్లతో నడుపుతాయి. మునిగిన పొలాల మీద, వీధులలో తిరిగేటపుడు నీటి రంధ్రానికి చెత్త, ప్లాస్టిక్ సంచులు, పంట గడ్డి చుట్టుకొంటాయి. మోటారు వెనుక నుండి సన్నని నీటిధార వస్తూ ఉంటే పంపు పని చేస్తున్నట్లు గుర్తు. ఆ ధార సన్నబడితే లేక ఆగితే వెంటనే ఇంజనును ఆపి, మోటారును పైకి ఎత్తి రంధ్రాలను శుభ్రం చేయాలి. ఇంకాస్త దూరం పోదామని నడిపితే పంపులోని రబ్బరు రెక్కలు నీటి తడి లేక ఒకటి రెండు నిమిషాలలోనే కాలిపోతాయి. ఆ తరువాత రంధ్రం శుభ్రం చేసినా ప్రయోజనం ఉండదు. ఒడ్డున పరీక్షించేటపుడు కూడా మోటారు కాలును నీటి డ్రమ్ములో ఉంచి మాత్రమే నడపాలి.

లోపలి ఇంజన్లలో పొగగొట్టంలోకి నీటిని చిమ్మి పొగను చల్లబరుస్తారు. అందువలననే దానికి రబ్బరు గొట్టం వాడగలుగుతారు. నీరు ఆగితే ఆ రబ్బరు త్వరగా కాలి, పొగ పడవలోకి చేరుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. మూసిన గదిలో కూర్చున్న ప్రయాణికులకు తెలియకుండానే స్పృహ తప్పుతుంది. ఇంజను గదిలో పెట్రోలు ఆవిరి ఉంటే, వేడెక్కిన గొట్టాల వలన అగ్నిప్రమాదం కూడా జరగవచ్చు. వాహనపు ఇంజనును పడవలోకి మార్చేవారు పొగగొట్టపు మొదలుకు నీటి తొడుగు తప్పక అమర్చాలి. ఈ తొడుగు లోపల తుప్పు పట్టి చిల్లు పడితే నీరు సిలిండరులోకి దిగుతుంది. నీరు పిస్టను కింద నలగదు గనుక ఇంజను తిప్పగానే కడ్డీ వంగిపోతుంది. నీటిమట్టం కంటె ఇంజను కిందుగా ఉన్న పడవలలో, నీటిని చిమ్మే గొట్టానికి గాలి ప్రవేశించే చిన్న కవాటం పెట్టకపోతే, ఇంజను ఆపిన తరువాత కూడా బయటి నీరు సైఫన్ పద్ధతిలో లోపలికి వస్తూనే ఉంటుంది.

వేడెక్కిన ఇంజను పీడనపు మూతను తెరవరాదు. లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. వేడిగా ఉన్న పోత ఇనుము మీద చన్నీరు పోస్తే పగులుతుంది. దానంతట అది చల్లారే వరకు ఆగాలి.

భారతదేశంలో లోతట్టు జలాలలో తిరిగే మర పడవల నమోదుకు, తనిఖీకి సంబంధించి 1917 నాటి చట్టం స్థానంలో అంతర్దేశీయ నౌకల చట్టం, 2021 వచ్చింది. ఇంజను మార్చినవారు పడవను తిరిగి తనిఖీ చేయించిన తరువాతనే ప్రయాణికులను ఎక్కించుకోవడం మంచిది.

సంరక్షణ

రబ్బరు రెక్కలను సంవత్సరానికి ఒకసారి, ఒండ్రు నీటిలో తిరిగే పడవలకు అంతకంటె ముందే మార్చాలి. పాత రెక్కలలో ఒకటి విరిగిపోయి ఉంటే, ఆ ముక్క ఎక్కడికో పోయి ఉండదు. వినిమయకపు ముఖద్వారం వద్దనే ఇరుక్కొని ఉంటుంది, దానిని వెతికి తీయాలి. జల్లెడను ప్రతి ప్రయాణానికి ముందు చూడాలి. నెలల తరబడి వాడకుండా ఉంచే పడవ పంపు నుండి రెక్కలను తీసివేయాలి, లేనిచో ఒకే వంపులో బిగుసుకుపోతాయి.

లోహపు తుప్పును తనపైకి తీసుకొని కరిగిపోయే కడ్డీలను ఉష్ణ వినిమయకంలో బిగిస్తారు. సముద్రపు నీటికి జింకు కడ్డీలు వాడతారు. మంచినీటిలో జింకుపై పొర ఏర్పడి పని చేయడం మానివేస్తుంది కాబట్టి నిజాంసాగర్, శ్రీరాంసాగర్ వంటి జలాశయాలలో మెగ్నీషియం కడ్డీలు సరైనవి. తీరప్రాంతపు దుకాణాల నుండి తెప్పించుకొనేవారు ఈ తేడాను అడిగి తీసుకోవాలి. కడ్డీ సగం కరిగిన వెంటనే మార్చాలి.

ప్రతి రోజూ పడవలోకి వచ్చే నీటి ఉష్ణోగ్రతను, వెలుపలికి పోయే నీటి ఉష్ణోగ్రతను, ఇంజను వేగాన్ని ఒక పుస్తకంలో వ్రాసిపెట్టుకొంటే గార పట్టడం, పంపు అరగడం వారాల ముందే తెలుస్తుంది. ఒకే వేగం వద్ద రెండు ఉష్ణోగ్రతల తేడా పెరుగుతూ ఉంటే నీటి ప్రవాహం తగ్గుతున్నదని అర్థం. ఆ తేడా మారకుండా లేదా కొంచెం తగ్గి, ఇంజను లోపలి వేడి మాత్రమే పెరుగుతుంటే వినిమయకంలో గార పట్టినదని అర్థం.